దొంగలు నేర్చిన స్పానిష్

పరుల ఇంటిలో రాత్రివేళ అడుగిడు దొంగకు కావలసినది నిశ్శబ్దము. 1930 ప్రాంతమున చలనచిత్రములు తీయు వర్తకునికి కావలసినది శబ్దము. అప్పుడే అంగడికి వచ్చిన కొత్త సరకు అది. ఈ రెండు అవసరములు ఒక్క చిత్రములో ఎదురుపడగా పుట్టిన హాస్యమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఆ చిత్రము పేరు ‘లాద్రోనెస్’. స్పానిష్ భాషలో ఆ మాటకు దొంగలు అని అర్థము. 1930లో వెలువడినది. అందలి దొంగలు స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ అను జంట. ఒకరు బక్కపలుచనివారు, మరొకరు స్థూలకాయులు. పేర్లు మరచినవారు సైతము ఆ రెండు గుండ్రని టోపీలను చూచిన వెంటనే వారిని గుర్తుపట్టగలరు. స్పానిష్ భాషీయులు వారికి పెట్టుకొన్న పేరు కూడ ఆ రూపములను బట్టి వచ్చినదే: ‘ఎల్ గోర్దో ఇ ఎల్ ఫ్లాకో’, అనగా లావువాడు, బక్కవాడు.

విశేషమేమనగా, ఈ ఇద్దరిలో ఎవరికిని స్పానిష్ రాదు. లారెల్ 1890లో ఇంగ్లండులోని అల్వర్‌స్టన్ అను ఊరిలో పుట్టినవారు. హార్డీ 1892లో అమెరికాలోని జార్జియా రాష్ట్రములో పుట్టినవారు. అయినను ఈ చిత్రములో వారు మాటలాడునది స్పానిష్. అదియును తమ సొంత గొంతులతోనే. వేరొకరి గొంతును తెచ్చి అతికించినది కాదు. రాని భాషలో హాస్యము చెప్పి, ఆ భాష తల్లిభాషగా గల జనమును నవ్వించుట ఎట్లు సాధ్యమైనది? ఈ ప్రశ్నయే మమ్ము ఆ చిత్రమువైపు లాగినది.

మూకీ చిత్రముల కాలమున ఈ చిక్కు లేదు. తెరమీద మధ్య మధ్య బొమ్మకు బదులు రెండు పంక్తుల అక్షరములు కనబడెడివి. ఆ ముక్కను కత్తిరించి, స్పానిష్‌లోనో జర్మన్‌లోనో వ్రాసిన ముక్కను దాని చోట అతికించినచో చాలును. నటుడు మెక్సికోలో మెక్సికోవాడు, పోర్చుగల్‌లో పోర్చుగల్‌వాడు. 1927 అక్టోబరులో ‘ది జాజ్ సింగర్’ విడుదలయిన పిమ్మట రెండు మూడేండ్లలో ఆ సౌకర్యము తొలగిపోయినది. నోరు విప్పిన మరుక్షణము నటుడు ఒక దేశమువాడైనాడు. స్పెయిన్ మొదలుకొని మెక్సికో, క్యూబా, పెరూ, చిలీ, అర్జెంటీనా వరకు ఇరువదికి దగ్గరగా దేశములు స్పానిష్ మాటలాడునవి. అంత బేరమును వదలుకొనుటకు ఏ వర్తకునికి మనసొప్పును?

హాలీవుడ్ వారు అప్పుడు త్రొక్కిన దారులు నేడు తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. పారమౌంట్ సంస్థ 1930లో పారిస్ సమీపమున జ్వాన్‌విల్ అను చోట ఒక స్టూడియో నడిపినది. అక్కడ ఒకే కథను, ఒకే గోడల నడుమ, భాష వెంట భాషగా తీసినారు. ఒక దేశపు నటవర్గము దిగిపోగా మరొక దేశపు నటవర్గము ఎక్కెడిది. యూనివర్సల్ సంస్థ ‘డ్రాక్యులా’ కథను పగలు ఆంగ్లములో తీసి, రాత్రి అదే రంగస్థలమున వేరు నటులతో స్పానిష్‌లో తీసినది. ఆ రెండును 1931లో వెలువడినవి. కథ ప్రధానమైనచోట ఇట్టి పద్ధతి సాగును. కాని లారెల్, హార్డీల చిత్రములో కథ కొయ్యకు తగిలించిన చొక్కా వంటిది. హార్డీ తన టై కొసను వ్రేళ్ళతో సిగ్గుగా ఆడించుట, లారెల్ తల గోకుకొని పసిపిల్లవానివలె ఏడ్పుమొగము పెట్టుట, వీనిని మరొకరు చేసినచో అనుకరణము మిగులును గాని హాస్యము మిగులదు. కనుక కల్వర్ సిటీలోని తన స్టూడియోలో హాల్ రోచ్ మరొక నిశ్చయమునకు వచ్చినారు. భాష రాకపోయినను సరే, వీరిచేతనే పలికించవలెను. వీరిని పెట్టి అన్యభాషలో తీసిన చిత్రములలో ‘లాద్రోనెస్’ మొదటిది.

దీనికి మూలమైన ఆంగ్ల చిత్రము పేరు ‘నైట్ ఔల్స్’, అనగా రాత్రి గుడ్లగూబలు. అది 1930 జనవరిలో విడుదలయినది. రెండింటికిని దర్శకుడు జేమ్స్ పారట్. ఆ రోజులలోనే పేరుమోసిన మరొక హాస్యనటుడు చార్లీ చేజ్‌కు ఈయన సోదరుడు.

కథ చిన్నది. ఒక పోలీసు జవాను ఉన్నాడు. అతని బీటులో వరుసగా దొంగతనములు జరుగుచున్నవి, ఒక్కడును పట్టుబడలేదు. పై అధికారి చీవాట్లు పెట్టినాడు. ఉద్యోగము ఊడునను భయముతో గస్తీ తిరుగుచున్న జవానుకు పార్కులో బల్లమీద నిద్రించుచున్న ఇద్దరు దిక్కులేనివారు చిక్కినారు. జైలుకు పోయెదరా, లేక నేను చెప్పినట్లు చేసెదరా అని బెదిరించి వారికొక పని అప్పగించినాడు. ఆ రాత్రి వారు పై అధికారి ఇంటిలోనే దొంగతనమునకు దిగవలెను. తాను వేళకు వచ్చి పట్టుకొనును. కీర్తి తనకు, వారిని విడిపించు పూచీయును తనదే. కంచె చేను మేయుట మనము విన్నదే. మేయుటకు పశువులను కంచెయే తోలుకొనివచ్చుట ఇక్కడ చూడవచ్చును.

ఈ జవాను వేషము వేసినవారు ఎడ్గార్ కెన్నెడీ. కోపమును దిగమ్రింగుకొనుచు అరచేతితో ముఖమును పైనుండి క్రిందికి నెమ్మదిగా రుద్దుకొనుట ఈయనకు అలవాటైన అభినయము. ఆ ఒక్క చేతి కదలికకు ఏ దేశములోను అర్థము చెప్పనక్కరలేదు.

ఆంగ్లములో పేరు గుడ్లగూబలు అని మరుగుగా ఉన్నది. స్పానిష్‌లో దొంగలు అని బాహాటముగా ఉన్నది. మాకు రెండవదే నచ్చినది. ఆ మాట ఎవరికి వర్తించును? పార్కు బల్లమీద పరుండి, ఎవరి జోలికిని పోనివారికా? వారిచేత దొంగతనము చేయించి మెడలో పతకము వేయించుకొనదలచినవానికా? చిత్రము ఈ ప్రశ్నను నోటితో అడుగదు. అడిగినచో నవ్వు చెడును.

ఇక దొంగతనము. శూద్రకుని ‘మృచ్ఛకటికము’లో శర్విలకుడు కన్నము వేయుటను ఒక శాస్త్రముగా నెరపును. గోడను పరీక్షించును, కొలత్రాడు మరచి వచ్చినందున జందెముతో కొలుచుకొనును, లోనివారు నిజముగా నిద్రించుచున్నారో లేదో చూచుకొనును. మన దొంగలు శర్విలకునికి సరిగా ఎదురుకొసన నిలిచినవారు. గోడ దాటుటయే వారికొక ప్రళయము. ఒకడు లోపల పడినచో రెండవవాడు బయట చిక్కును. వీనికొరకు తెరచిన తలుపు వానివెనుక మూసికొనును. ప్రతి అడుగుకును ఏదో ఒకటి పడును, ప్రతి పాటుకును ఒకరినొకరు ‘ఉష్’ అని గద్దించుకొందురు. ఆ గద్దింపు పడిన వస్తువు చేసిన చప్పుడుకన్న పెద్దది. దొంగకు తేలు కుట్టినట్లు అను సామెతను తెరమీద బొమ్మగా చూడవలెననినచో ఇంతకన్న మంచి చోటు దొరకదు. దెబ్బ తగిలినను అరవరాదు. అరవకుండ ఉండుట హార్డీవలన కాదు.

రేడియో వినువారికి ఈ చిత్రములోని ఒక గుణము తప్పక నచ్చవలెను. కన్నులు మూసికొని విన్నను చాలవరకు నవ్వు వచ్చును. చప్పుడు విని ఇంటివారికి అనుమానము కలుగగా, ఈ ఇద్దరు పిల్లులవలె అరచి కప్పిపుచ్చజూతురు. ఇంటి లోపలికి వచ్చిన పిమ్మట తనంతట తాను మ్రోగు పియానో ఒకటి వారి ప్రాణమునకు వచ్చును. ఆ కాలపు సంపన్నుల ఇండ్లలో అట్టివి ఉండెడివి. రంధ్రములు పొడిచిన కాగితపు చుట్ట ఒకటి లోపల తిరుగుచుండగా, ఆ రంధ్రములను బట్టి మెట్లు వాటంతట అవే నొక్కుకొని పాట వచ్చును. దొంగల పొరపాటున అది మొదలైనది. ఆపుట వారికి తెలియదు. అర్ధరాత్రి, అధికారి ఇంటి నడుమ, ఉల్లాసమైన పాట. మాటకు అనువాదము కావలెను గాని పిల్లి కూతకు, పియానోకు అనువాదము అక్కరలేదు. అన్యభాషా ప్రయోగమునకు ముందుగా ఈ కథను ఎన్నుకొనుట తెలిసి చేసినదైనను, కలిసివచ్చినదైనను, మంచి ఎన్నిక.

మాటలు పలికించిన విధానము ఇట్టిది. స్పానిష్ వచ్చిన వారొకరు పక్కన ఉండి, ప్రతి వాక్యమును ఎట్లు ఉచ్చరించవలెనో నేర్పెడివారు. ఆ ఉచ్చారణను ఆంగ్లము చదువువానికి తెలియునట్లు ముక్కలు ముక్కలుగా నల్లబల్లమీద సుద్దతో వ్రాసి, కెమెరాకు కనబడని చోట నిలిపెడివారు. నటులు దానిని చూచుచు పలికెడివారు.

ఇది మన దేశమున ఎరుగని వింత కాదు. త్యాగరాజస్వామి కృతులను తమిళ లిపిలో వ్రాసికొని పాడినవారు ఎందరో ఉన్నారు. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరము; త, దలకు ఒకటే. తెలుగు రాని గాయకుడు ఆ పుస్తకమును చూచి పాడినప్పుడు ‘గ’ ఉండవలసినచోట ‘క’ వినబడుట రేడియో ముందు కూర్చున్న తెలుగు ఇండ్లవారికి క్రొత్త కాదు. అట్టి సమయమున మనము ఏమి చేయుదుము? ఒక్క క్షణము మొగము చిట్లింతుము. రాగము నిలిచినచో మరల చెవి యొగ్గుదుము. మన మాటను అంత శ్రమపడి నోటికి తెచ్చుకొన్న మనిషిమీద కోపము నిలువదు.

లారెల్, హార్డీల నోట స్పానిష్ పడిన పాట్లు వేరు. ఆ భాషలోని త, ద ధ్వనులు మన త, దలవలె దంతములకు నాలుక తగిలి పుట్టునవి. ఆంగ్లేయుని నాలుకకు ఆ చోటు అలవాటు లేదు. ట, డల వైపు పోవును. స్పానిష్ ఓకారము మన ఓకారమువలె తిన్నగా ఉండును. ఆంగ్లేయుడు దానిని ‘ఓవ్’ అని సాగదీయును. రేఫమును నాలుక అదరునట్లు పలుకవలెను; ఆంగ్లేయుని నోట అది కరగిపోవును. ఆ విధముగా ‘లాద్రోనెస్’ అను మాట ‘లాడ్రౌనెస్’ వంటిదగును. అంతియే కాదు. స్పానిష్‌లో ఏ అక్షరమును ఊది పలుకవలెనను నియమము అర్థమును మార్చును. ‘పాపా’ అను మాటలో తుది అక్షరమును ఊదినచో నాయన. మొదటి అక్షరమును ఊదినచో అమెరికా ఖండపు స్పానిష్‌లో బంగాళదుంప. ఇట్టి భాషను సుద్ద అక్షరముల ఆధారముతో పలుకుట ఎంత సాహసమో ఊహించుకొనవచ్చును. హార్డీ చిన్ననాటినుండి గాయకుడు. పాటగానికి వినికిడి పట్టు ఉండును. లారెల్ పాత్రకు మరొక రక్ష ఉన్నది. ఆ పాత్రకు తాను చెప్పుచున్నది తనకే అర్థము కాకపోవుట ఏ భాషలోనైనను ఉన్న గుణమే.

ఇక్కడ ఆనాటి పరిస్థితి ఒకటి తెలిసికొనవలెను. అదే కాలమున హాలీవుడ్‌లో స్పానిష్ నటులను కూర్చి తీసిన చిత్రములకు వేరొక దెబ్బ తగిలినది. స్పెయిన్‌లో పెక్కుచోట్ల ‘థ’కు దగ్గరగా పలుకు ఒక ధ్వని, అమెరికా ఖండమున ‘స’గా పలుకబడును. మెక్సికోవాని మాటతీరు వేరు, అర్జెంటీనావాని తీరు వేరు, క్యూబావాని తీరు వేరు. చేతికందిన నటులనందరిని ఒక్క చిత్రములో పెట్టగా, తండ్రి స్పెయిన్‌వాడు, కొడుకు మెక్సికోవాడు, కోడలు అర్జెంటీనావాసి అయినట్లు వినబడి జనము ఎగతాళి చేసినారు. ఏ ఉచ్చారణ సరియైనదని పత్రికలలో వివాదములు చెలరేగినవి. ఒక దేశమువారిని మెప్పించినది మరొక దేశమువారిని నొప్పించెడిది.

లారెల్, హార్డీలను ఆ వివాదము అంటలేదు. వారి స్పానిష్ స్పెయిన్‌ది కాదు, మెక్సికోది కాదు, భూమిమీద ఏ దేశమునదియు కాదు. అందరికిని సమానముగా తప్పు. ఇది మా ఊహ కావచ్చునుగాని, ఆ చిత్రములు అన్ని స్పానిష్ దేశములలో ఆదరము పొందుటకు ఇదియు ఒక కారణమని మాకు తోచుచున్నది. చుట్టాలలో ఏ ఒక్కరి పక్షమును వహించని అతిథిని అందరును విందుకు పిలుతురు. పైగా తెరమీద వారు ఎవరు? ఊరులేనివారు, ఇల్లులేనివారు, ఏ పనియు సరిగా చేతకానివారు. దొంగతనము చేతకానివానికి భాషయు చేతకాకపోవుట పాత్రకు అతికినట్లే ఉన్నది. గంభీరమైన కథానాయకుడు ఇట్లు పలికినచో కథ కూలియుండెడిది.

దోషములు లేకపోలేదు. ఆంగ్ల చిత్రము రెండు రీళ్ళది, సుమారు ఇరువది నిమిషములు. స్పానిష్ చిత్రమును దాదాపు రెట్టింపు చేసినారు. పొట్టి చిత్రముకన్న పొడవైనదానిని ప్రదర్శకులు ఎక్కువ ధరకు తీసికొందురను లెక్క అందులో ఉన్నది. సాగదీసినచోట్ల సాగదీసినట్లు తెలియుచునే ఉన్నది. ఒకే కిటికీ, ఒకే గోడ, మరల మరల. హాస్యమునకు పొదుపు ప్రాణమని ఎరిగిన పారట్ వంటి దర్శకునిచేత అట్లు చేయించినది కళ కాదు, బేరము. ఈ అలవాటు తరువాతి చిత్రములలో మరింత ముదిరినది. 1931లో వచ్చిన ‘పొలితికెరియాస్’ చిత్రములో నిడివి పెంచుటకు ఒక ఇంద్రజాలికుని ప్రదర్శనను, హాజీ అలీ అను నతడు నీరు మ్రింగి మరల వెలికి చిమ్ము విద్యను ఇరికించినారు. కథకు ఆ నీటికి ఏమి సంబంధమని అడుగరాదు.

ఈ ఏర్పాటు రెండేండ్లకన్న ఎంతో కాలము సాగలేదు. ‘బ్లాటో’ అను చిత్రమునకు ‘లా విదా నొక్తూర్నా’ అను రూపము వచ్చినది. అందు భార్య పాత్రకు ఆంగ్లనటిని తీసివేసి లిండా లొరెడో అను నటిని పెట్టినారు. ఫ్రెంచ్, జర్మన్ భాషలలోను ఈ జంటచేత పలికించినారు. బస్టర్ కీటన్ సైతము 1930లో ‘ఎస్త్రెయాదోస్’ అను చిత్రములో స్పానిష్ పలికినారు. ఒక్క కథను మూడు నాలుగు సారులు తీయుటకు అగు వ్యయము ఎక్కువ. అంతలో గొంతును వేరుగా పట్టి బొమ్మకు అతికించు విద్య, అనగా డబ్బింగు, కుదురుకొన్నది. 1931 తరువాత లారెల్, హార్డీలకు నల్లబల్ల ముందు నిలుచు పని తప్పినది.

డబ్బింగు చౌక, శుభ్రము. ఉచ్చారణ తప్పులు ఉండవు. అయినను ఇటలీలో ఒక తమాషా జరిగినది. అక్కడి జనము ఈ జంటను వంకర ఉచ్చారణతోనే ప్రేమించినారు. కనుక ఇటాలియన్‌లో వారికి గొంతు అరువిచ్చిన నటులు, తమకు చక్కని ఇటాలియన్ వచ్చియుండియు, ఆంగ్లేయుడు పలికినట్లు కావలెనని చెడగొట్టి పలికినారు. హార్డీకి అట్లు గొంతు ఇచ్చినవారిలో ఆల్బెర్తో సోర్ది ఒకరు. తరువాత ఆయన ఇటలీలో మహానటుడైనారు. తప్పును దిద్దుట సులభమైన కాలము వచ్చిన పిమ్మట ఆ తప్పుకొరకు జనము పట్టుబట్టినారన్న మాట.

ఒకే కథను రెండు భాషలలో తీయుట మన మదరాసు స్టూడియోలకు బాగుగా తెలిసిన పని. విజయావారు 1955లో ‘మిస్సమ్మ’ను తెలుగులోను తమిళములోను తీసినప్పుడు సావిత్రి, రంగారావుగారలు రెండింటను నటించినారు. నాయక పాత్రకు తెలుగున రామారావుగారు, తమిళమున జెమినీ గణేశన్‌గారు. అక్కినేని నాగేశ్వరరావుగారు వేసిన డిటెక్టివు పాత్రను తమిళమున తంగవేలుగారు ధరించినారు. ఏ పాత్రకు మనిషిని మార్చవలెను, ఏ పాత్రకు మార్చరాదు అను తర్కము హాల్ రోచ్ ఎదుర్కొన్నదే. ఆయనకు మార్చుటకు వీలులేని పాత్రలు రెండును ముఖ్యపాత్రలే అయినవి.

ఆనాటి అన్యభాషా రూపములలో కొన్ని నేడు దొరకుట లేదు. ‘లాద్రోనెస్’ మిగిలినది. చూడగోరువారు ముందు ‘నైట్ ఔల్స్’ను చూచి, పిదప దీనిని చూచుట మేలు, స్పానిష్ రాకపోయినను అప్పుడు కథ తప్పిపోదు. మేము ఆ వరుసనే చూచినాము. ఒక చోట హార్డీ ఏదో గద్దించగా లారెల్ ఒక్క క్షణము ఆలస్యముగా జవాబిచ్చుట కనబడినది. అది పాత్ర యొక్క మందబుద్ధియో, నల్లబల్లమీది తరువాతి పంక్తిని వెదకుకొనుటయో ఎంత చూచినను తేల్చుకొనలేకపోయినాము. ఇంట్లోవారు మాత్రము అందుకు ఆగలేదు, అప్పటికే నవ్వుచున్నారు.